బాలింతకు ఆయాసమా? సెలైన్ కాదు, పరీక్ష ముఖ్యం



కాన్పు సుఖంగా అయింది, ఇక గండం గడిచిందనుకుంటాం. కాని కాన్పయ్యాక ఆరు వారాల దాకా తల్లిని కనిపెట్టి ఉండాలి. గర్భిణీ గాని, బాలింత గాని పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నా, నాలుగు మాటలకే ఆయాసపడుతున్నా అది ఉత్త నీరసం కాదు. "ఒక సెలైన్ సీసా ఎక్కిస్తే సరి" అనకండి. బి.పి. పెరిగిన తల్లికి ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. డాక్టరు చూడకుండా దానిపై సెలైన్ ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు.

నీరు చేరిందా, నిమోనియానా? రెంటికీ వైద్యం వేరు. ఇప్పుడు పెద్దాసుపత్రుల్లో రోగి మంచం దగ్గరే ఛాతీకి స్కానింగు చేస్తున్నారు. మామూలుగా తెర మీద అడ్డగీతలు కనిపిస్తాయి. నీరు చేరితే తెల్లని నిలువు గీతలు దిగుతాయి. ఫ్రాన్సు డాక్టరు లిక్టెన్‌స్టైన్ 1997లో ఈ సంగతి వివరించారు. ఈ గీతలతోపాటు బి.పి., గుండె కూడా చూసి డాక్టర్లు వైద్యం నిర్ణయిస్తారు. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. కడుపులో బిడ్డకు భయం లేదు. ఆడా మగా చూసే పరీక్ష కాదిది.

అన్నలారా! బాలింత గడప దాటకూడదనే పట్టింపు ఆ పూటకు మానండి. 108కి ఫోన్ చేసి, ఆమెను కూర్చోబెట్టే తీసుకెళ్లండి.

కోలుకున్నాక బిడ్డకూ బిడ్డకూ మూడేళ్లయినా ఎడం ఉంచండి. బి.పి. వచ్చిన తల్లి గర్భనిరోధక మాత్రలు సొంతంగా మొదలుపెట్టరాదు. ఏ పద్ధతి మంచిదో ఆలుమగలిద్దరూ వెళ్లి డాక్టరమ్మను అడగండి.