చేయి బెణికినదా, విరిగినదా?

కాలు జారినప్పుడు మనిషి ఆలోచించకుండానే చేయి చాచి నేలను ఆనుకొంటాడు. తలను, ముఖమును కాపాడుకొనుటకు శరీరము నేర్చిన ఉపాయమది. ఆ క్షణమున ఒంటి బరువంతా అరచేతి మీదుగా మణికట్టుపై పడుతుంది. పడినవాడు లేచి, దుమ్ము దులుపుకొని, వేళ్ళు ఒకసారి ఆడించి చూచుకొని, "బెణికింది, అంతే" అంటాడు. ఇంటిలోని పెద్దలు ఉప్పు కాపడము పెడతారు. నూనె రాచి, పట్టి లాగగలవారికి కబురు పంపుతారు. ఈ తొందరపాటును గురించియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచినాను. బెణుకు అనేది అన్ని అనుమానములు తీరిన పిమ్మట చేయవలసిన నిర్ణయము; పడిన వెంటనే చేయవలసినది కాదు.

ఒక్కొక్క చేతిలో 27 ఎముకలు ఉన్నవి. వానిలో 8 మణికట్టులోనివి. గులకరాళ్ళవలె రెండు వరుసలుగా అమరి ఉంటవి. బొటనవ్రేలి వైపునున్న ఒక ఎముకను వైద్యులు స్కాఫాయిడ్ అంటారు. పడవ అని అర్థమిచ్చే గ్రీకు మాట నుండి ఆ పేరు వచ్చినది. ఈ ఎనిమిదింటిలో తరచుగా విరిగేది ఇదే, ముఖ్యముగా యువకులలో. ఇది విరిగినా చేయి వంకరపోదు. వాపు స్వల్పము. వేళ్ళు చక్కగా ఆడుతవి. "వేళ్ళు ఆడుతున్నవి గనుక ఎముక విరగలేదు" అనే లోకవాదము ఇక్కడ పూర్తిగా తప్పు.

దీనిని అనుమానించుటకు ఒక గురుతు ఉన్నది. బొటనవ్రేలిని బాగుగా వెనుకకు సాచి చూడండి. దాని మొదట, మణికట్టు దగ్గర, త్రాళ్ళ వంటి రెండు గీతల నడుమ చిన్న గుంట ఏర్పడుతుంది. పూర్వము ముక్కుపొడి పీల్చేవారు చిటికెడు పొడిని అందులో ఉంచుకొని పీల్చేవారు. అందుచేత శరీరశాస్త్రములో దాని పేరే ముక్కుపొడి గుంట. పడిన తరువాత అక్కడ నొక్కితే నొప్పి పుట్టినచో, ఎముక విరిగినదనే అనుమానముతోనే నడచుకోవలెను.

ఎక్స్‌రే తీయించితే తేలిపోదా అని మీరడుగవచ్చును. తొలి దినములలో తీసిన ఎక్స్‌రేలో ఈ పగులు కొన్నిసార్లు కనబడదు. అందుచేతనే వైద్యుడు చేతికి కట్టు వేసి, 10 నుండి 14 దినముల తరువాత మరల రమ్మంటాడు; లేదా సి.టి., ఎం.ఆర్.ఐ. వంటి పరీక్ష చేయిస్తాడు. నా మిత్రుడొకరు స్కూటరు మీదనుండి పడినారు. మొదటి ఎక్స్‌రేలో ఏమియు లేదు. మరల రమ్మన్న నాటికి నొప్పి తగ్గినది, ఆయన వెళ్ళలేదు. ఏడాది తరువాత నేల మీద చేయి ఆనించి లేవలేకపోయినారు. కొన్ని వారముల కట్టుతో పోవలసినది, తుంటి ఎముక ముక్క తీసి మణికట్టులో అతికించే శస్త్రచికిత్స వరకు పోయినది.

ఇట్లెందుకు జరుగును? ఈ ఎముకకు రక్తము చాల భాగము వేళ్ళ వైపు కొననుండి ప్రవేశించి మోచేతి వైపునకు పారుతుంది. నడుమ విరిగితే, కాలువ తెగినప్పుడు చివరి మడి ఎండినట్లు, వెనుక ముక్కకు రక్తమందదు. అతుకుట ఆలస్యమగును, ఒక్కొక్కప్పుడు ఆ ముక్క నిర్జీవమగును.

వయసు మళ్ళినవారి సంగతి వేరు. వారిలో తరచుగా విరిగేది ముంజేతిలో బొటనవ్రేలి వైపునున్న ఎముక చివర. డబ్లిన్ నగరపు శస్త్రవైద్యుడు ఏబ్రహాం కాలిస్ దీనిని 1814లో వర్ణించినాడు. ఎక్స్‌కిరణములు కనుగొనబడినది 1895లో. అంటే 81 సంవత్సరములు ముందుగానే, ఇతరులు కీలు తొలగుటగా భావిస్తూ వచ్చినదానిని ఆయన ఎముక విరుగుటగా గుర్తించినాడు. ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు పలుచబడుట దీనికి ముఖ్యకారణము. అట్టివారు నిలుచున్నచోటనే పడి మణికట్టు విరుగగొట్టుకొన్నచో, ఆ విరుపు మానుటతో తృప్తిపడక ఎముకల పటుత్వమును కూడ పరీక్ష చేయించుకోవలెను.

ఇక పడిన వెంటనే చేయవలసిన పనులు. మొదటిది, ఉంగరములు, గాజులు తీసివేయుట. వాపు పెరిగిన తరువాత అవి రావు, రక్తమును ఆపుతవి. రెండవది, మడిచిన వార్తాపత్రికనో, చెక్క స్కేలునో మణికట్టు క్రింద నుంచి వదులుగా గుడ్డ చుట్టి, చేతిని గుండెకంటె ఎత్తుగా ఉంచుట. మూడవది, గుడ్డలో చుట్టిన మంచుగడ్డను ఒక్కొక్కసారి 15 నిమిషములు పెట్టుట. రుద్దుట, లాగుట, కాపడము, మొదటి రెండు దినములు అసలే కూడవు. బంతి తగిలి వ్రేలి కొన వ్రేలాడి, తనంతట నిటారుగా నిలువకున్నచో, అది కూడ బెణుకు కాదు. కొనను నిలిపే త్రాడు తెగినదన్న మాట. దానిని ఆరు నుండి ఎనిమిది వారములు ఒక్క క్షణమైనను వంచనీయక చిన్న బద్దతో నిలిపి ఉంచవలెను.

చివరగా ఒక హెచ్చరిక. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. ఎముకలు కట్టుట మన దేశములో తరతరములుగా వచ్చిన విద్య. కాని కట్టినది ఎవరైనను, కట్టు బిగువైనచో ముంజేతి కండరములు రక్తము లేక చచ్చి, వేళ్ళు కొంకర్లు పోవును. జర్మన్ శస్త్రవైద్యుడు ఫోల్క్‌మన్ 1881లో దీనిని వివరించినాడు. కట్టు వేసిన తరువాత గోరును నొక్కి వదలండి. తెల్లబడినది రెండు సెకండ్లలో మరల ఎర్రబడవలెను. వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వానిని సాచబోతే భరింపరాని నొప్పి కలిగినా, తెల్లవారు వరకు ఆగవద్దు. అర్ధరాత్రియైనను వెళ్ళి ఆ కట్టు విప్పించండి.

అన్నము కలుపుకొనుట మొదలు అక్షరము వ్రాయుట వరకు మన బ్రతుకంతయు ఆ మణికట్టుపై ఆధారపడి ఉన్నది. దానికై వైద్యుని వద్దకు రెండవసారి వెళ్ళుట పెద్ద శ్రమ కాదు.