చంద్రుని చాటునుండి వార్త

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గుట్టకు ఆవల గొఱ్ఱెలు మేపుచున్న వానిని ఈవలనుండి ఎంత బిగ్గరగా పిలిచినను పలుకడు. గుట్టమీద మఱియొకడు నిలిచి అటు మాట ఇటును, ఇటు మాట అటును అందించినచో పని జరుగును. నేటి నా ఉపన్యాసమంతయు ఆ గుట్టమీది మనిషిని గూర్చియే.

చంద్రుడు మనకెల్లప్పుడును ఒకే ముఖమును చూపును. రేడియో తరంగములు ఆ 3,84,000 కిలోమీటర్ల దూరమును సెకనున్నర లోపలనే దాటును గాని, చంద్రుని రాతిముద్దను చీల్చుకొని రాలేవు. 1969 జూలైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రునిపై నడచిరని అందఱెఱుగుదురు. పైన ప్రదక్షిణము చేయుచు వారికై కాచుకొనియున్న మైకేల్ కాలిన్స్‌ను తలచువారు తక్కువ. ఆతడు చంద్రుని వెనుకకు పోయినప్పుడెల్ల ముప్పావుగంటకు పైగా భూమినుండి ఒక్క మాటయు వినరాలేదు.

ఈ చిక్కును దాటినది చైనా. 2018 మే నెలలో వారు పంపిన వార్తావాహక ఉపగ్రహము చంద్రునకు ఆవల సుమారు 65,000 కిలోమీటర్ల దూరమున తిరుగును. అచ్చముగా చంద్రుని వెనుకనే నిలిచినచో చంద్రుడే దానిని మఱుగుపఱచును. కావున పెద్ద వలయముగా తిరుగునట్లు ఏర్పఱచిరి. అందుచే అది చంద్రుని అంచు మీదుగా మనకు కనబడుచు, ఆవలి నేలను కూడ చూచుచుండును. దీని సాయముననే 2019 జనవరి 3న ఛాంగే-4 ఆవలి ముఖముపై దిగెను. అంతవఱకు ఆ వైపున క్షేమముగా దిగిన యంత్రము లేదు.

ఆ ఉపగ్రహము పేరునకు పక్షుల వంతెన యని అర్థము. చైనా కథలో ఒక నేతపిల్లయు, ఒక పశులకాపరియు ఆకాశగంగకు చెఱియొక దరిని విడిపడియుందురు. ఏడాదికొకనాడు పక్షులు కట్టిన వంతెనపై కలిసికొందురు. సిరిసిల్ల మగ్గముల చప్పుడు వినుచు పెరిగిన మనకు ఆ నేతపిల్ల పరాయిది కాదు.

ఇక మన సంగతి. 2019 జూలై 22న తెలుగు తీరమందలి శ్రీహరికోటనుండి చంద్రయాన్-2 బయలుదేరెను. సెప్టెంబరు 7 తెల్లవారుజామున విక్రము దిగుచు దిగుచు మూగవోయెను. అంతయు వ్యర్థమైనదని ఆనాడు పలువురు తలంచిరి. కాని నూరు కిలోమీటర్ల ఎత్తున ప్రదక్షిణము చేయు దాని జంటవాహనము చెక్కుచెదరలేదు. ఒక సంవత్సరమునకై ఉద్దేశింపబడినది, ప్రయోగము గుఱి తప్పకుండుటచే ఇంధనము మిగిలి, ఏడేండ్లవఱకు పనిచేయగలదని తేలెను. 2023లో చంద్రయాన్-3 పోయినప్పుడు ఆ పని కొఱకు క్రొత్త వాహనమును కట్టనక్కఱలేకపోయెను. ఆగస్టు 21న ఆ పాతదియు, ఈ క్రొత్త విక్రమును పరస్పరము మాటాడుకొనినవి. “మిత్రమా, స్వాగతము!” అని పాతది పలికినట్లు ఇస్రో ప్రకటించెను. ఆగస్టు 23 సాయంకాలము 6.04కు విక్రము దిగెను.

నిజమునకు ఆ విక్రము ఈవలి ముఖముననే, దక్షిణముగా 69 డిగ్రీల చోట దిగినందున, బెంగుళూరు చెంత బ్యాలాలునందలి 32 మీటర్ల యాంటెనాతో నేరుగానే మాటాడగలిగెను. పాత వాహనము ఆపద్ధర్మమునకు మాత్రమే. ప్రజ్ఞాన్ బండి మాత్రము విక్రముతోనే మాటాడును. దాని గుట్టమీది మనిషి విక్రమే.

అట్లయిన ఇట్టి ఉపగ్రహములతో మనకేమి పని యని కొందఱందురు. నేనంగీకరింపను. నూరు కిలోమీటర్ల ఎత్తున తిరుగునది రెండు గంటలకొకసారి వచ్చి, కొన్ని నిమిషములలో దాటిపోవును. ధ్రువము చెంతనున్న లోతైన గుంటలలో ఎండ పడదు. మంచు జాడలు కనబడినది అచటనే. వాని అడుగుకు భూమియు కానరాదు. ఎత్తున చిరకాలము నిలిచి చూచు వాహకము పైన లేనిచో, అట్టి గుంటలో దిగిన యంత్రము బ్రదికియున్నదో లేదో కూడ మనకు తెలియదు.