పెట్రోలు ముల్లు చెప్పే లెక్క
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పచ్చడి తిన్న నోటితో పెట్రోలు సంగతి వినవలసి రావడం కొందరికి రుచించకపోవచ్చును. అయినా కార్యవర్గంవారు మమ్మల్ని ఈ విషయమే మాట్లాడమన్నారు. మేము మెకానిక్కులము కాము. రైల్వేలో గూడ్సు గుమాస్తాలము. చదువు మెట్రిక్యులేషనుతో సరి. కాని పాత కార్ల పిచ్చి ఉన్నది. అంబాసిడరు తయారీ ఉత్తరపారాలో 2014లోనే నిలిచిపోయింది. ఫియటు, పద్మిని అంతకు ముందే పోయినవి. అయినా మన బరంపురం తెలుగు ఇళ్ళలో తాతగారు కొన్న బండి అని, నాన్నగారి జ్ఞాపకమని వాటిని దాచుకున్నవారు ఉన్నారు. దాచుకోవడమే కాదు, వాటిలో తిరుగుతున్నారు కూడా. 1936లో ఒడిషా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మన ఊరు ఇటు వచ్చింది, ఇచ్ఛాపురం అటు నిలిచింది. కనుక పెళ్ళికైనా, పురుటికైనా, చావుకైనా ఆ పాతిక కిలోమీటర్ల రోడ్డు మనకు తప్పదు.

ఆ రోడ్డు మీదనే మన సభ్యులొకరి కుటుంబం ఒక రాత్రి నిలిచిపోయింది. బండి 1960ల నాటి అంబాసిడరు. నిండు చూలాలైన కోడలు వెనుక సీట్లో ఉన్నది. ముల్లు సగానికి పైనే చూపుతున్నది, ట్యాంకులో మాత్రం చుక్క లేదు. లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే రెండు గంటలు రోడ్డు వార కూర్చున్నారు. దేవుని దయవల్ల తల్లీ బిడ్డా క్షేమం. అంతకు ముందు నెలలోనే ఒక షాపులో గేజి మార్పించి డబ్బు కూడా చెల్లించినారట. గేజి కొత్తదే, అబద్ధం మాత్రం పాతదే! మబ్బులో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకున్నట్లయింది.

అసలు ఈ ముల్లు ఎట్లా పనిచేస్తుంది? ట్యాంకులో ఒక తేలుడు బుడ్డి ఉంటుంది, దానినే ఫ్లోటు అంటారు. దానికొక కాడ. పెట్రోలు పెరిగితే బుడ్డి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. కాడ రెండవ కొస సన్నని తీగ చుట్ట మీద రాసుకుంటూ జరుగుతుంది. అది జరిగిన కొద్దీ కరెంటుకు అడ్డు ఎక్కువో తక్కువో అవుతుంది. ఈ సరంజామానంతటినీ సెండరు అంటారు. సెండరునుంచి ఒక వైరు గేజికి వస్తుంది. తిరుగుదారి మాత్రం వైరు కాదు, కారు ఇనుమే. ట్యాంకు బాడీకి, బాడీ బ్యాటరీకి కలిసి ఉండాలి. మన పనివారు ఎర్తు అనేది దీనినే. మా అనుభవంలో పాత కార్లలో తగాదా ఎక్కువగా ఇక్కడనే పుడుతుంది. వాన, తుప్పు, మీద మీద పూసిన రంగు, ఇవన్నీ కలిసి దారిని మూసివేస్తవి.

గేజిలలో రెండు జాతులున్నవి. ఇది తెలియక చేసే రిపేరు వృథా. మొదటి జాతిలో రెండు తీగచుట్టలు ముల్లును అటొకటి ఇటొకటి లాగుతుంటవి. తాళం తిప్పగానే ముల్లు చటుక్కున లేస్తుంది, మలుపులో పెట్రోలు ఊగితే తానూ ఊగుతుంది. ఆ ఊగుడు జబ్బు కాదు, దాని స్వభావం. రెండవ జాతిలో రెండు లోహాలు అతికిన రేకు వేడికి వంగి ముల్లును తోస్తుంది. తాళం తిప్పిన తరువాత అది నింపాదిగా లేస్తుంది. ఈ జాతి ముల్లు గంతులు వేస్తే మాత్రం అనుమానించవలసిందే.

అసలు గమ్మత్తు ఇక్కడ ఉన్నది. వైరు తెగినా, ఎర్తు పోయినా ఈ రెండు జాతులూ ఒకే అబద్ధం చెప్పవు. రెండవ జాతి ముల్లు ఖాళీ వైపు పడిపోతుంది. మనిషి భయపడి బంకుకు పోతాడు, నష్టం లేదు. మొదటి జాతి ముల్లు నిండు వైపు పోతుంది! మన సభ్యుని బండికి జరిగింది అదే. ట్యాంకు ఎర్తు తుప్పు పట్టింది. పెట్రోలు తరిగిపోతున్నా ముల్లు ధీమాగా పైననే నిలిచింది. గేజి మార్చి ఏం లాభం? జమ రాసేవాడు మంచివాడే, చీటీ తప్పుగా వస్తున్నది.

పరీక్ష చెబుతాము. తాళం ఆపి, సెండరు దగ్గర వైరు విప్పి, దేనికీ తగలకుండా ఉంచి, తరువాత తాళం వేసి ముల్లు చూడండి. మొదటి జాతి అయితే నిండు చూపాలి, రెండవది ఖాళీ చూపాలి. మళ్ళీ తాళం ఆపి, ఆ వైరు కొసను ట్యాంకుకు దూరంగా శుభ్రమైన బాడీ ఇనుముకు బిగించి తాళం వేయండి. ఈసారి మొదటిది ఖాళీ, రెండవది నిండు చూపాలి. రెండవ జాతిని అట్లా ఎక్కువసేపు ఉంచరాదు, ముల్లు చివరకు చేరగానే ఆపవలెను. తాళం ఆపి వైరు ముట్టుకోమనడం నిప్పురవ్వ పుట్టకుండా ఉండటానికే. రెండు పరీక్షల్లోనూ ముల్లు చెప్పినట్లు విన్నదా, గేజి, వైరు నిర్దోషులు. వినకపోతే వైరు దారి వెంట పోయి చూడండి. ఎక్కడో ఒరుసుకొని తొడుగు పోయి ఉండవచ్చును.

గేజి నిర్దోషి అని తేలితే సెండరు విప్పవద్దు. ముందుగా ఒక విడి వైరు తెచ్చి, ఒక కొస సెండరు ఒంటికి, రెండవ కొస గీకి శుభ్రం చేసిన బాడీ ఇనుముకు, తాళం ఆపి, బిగించి చూడండి. ముల్లు దారికి వస్తే జబ్బు ఎర్తుదే. మన సభ్యుని బండి బాగుపడింది మూరెడు వైరుతో.

పెట్రోలు ముల్లూ, ఇంజను వేడి ముల్లూ రెండూ కలిసి తప్పుతుంటే? రెండవ జాతి గేజిలున్న బండ్లలో వాటికి ఉమ్మడిగా వోల్టేజి స్టెబిలైజరు అనే చిన్న డబ్బీ ఉంటుంది. సుమారు 10 వోల్టులకు కుదించి కరెంటు పంపడం దాని పని. ముందు దానినీ, దాని ఎర్తునూ చూడాలి. పాత రకం స్టెబిలైజరు కరెంటును ఆపి ఆపి పంపుతుంది గనుక అంకెల మీటరు పెడితే అంకెలు నిలవవు. దానిని చూసి పాడైందని పారవేయకండి.

ఇవేవీ కాకపోతేనే సెండరు తీయడం. బ్యాటరీ విప్పి, ట్యాంకు దాదాపు ఖాళీ చేసి, ఆరుబయట, బీడీ కాల్చేవారిని అవతలికి పంపి తీయాలి. ఖాళీ ట్యాంకు క్షేమమనుకోకండి, మండేది ఆవిరి. బయటికి తీసిన సెండరుకు మీటరు తగిలించి కాడను మెల్లగా జరిపితే అంకె సాఫీగా మారాలి. ఎక్కడ ఎగిరితే అక్కడ తీగ అరిగింది. బ్యాటరీని నేరుగా సెండరుకు తగిలించి చూసే పెద్దమనుషులున్నారు. ఆ సన్నని తీగ మాడిపోతుంది.

తరువాత బుడ్డి. ఇత్తడిదైతే చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే పెట్రోలు దూరినట్లే, అది మునిగిపోయి తక్కువ చూపుతుంది. వేడినీళ్ళలో ముంచితే చిల్లు దగ్గర బుడగలు వస్తవి. నీళ్ళు పొయ్యి మీద ఉండగా కాదు, గిన్నె పెరట్లోకి తెచ్చుకొని ముంచాలి. లోపల పెట్రోలున్న బుడ్డికి మాటు వేయబోవద్దు, పేలుతుంది. బెండు బుడ్డికి ఈ రోజుల్లో మరొక గండం. కొన్నిటికి లక్క పూత ఉంటుంది. లక్క స్పిరిటులో కరుగుతుందని పాలిషు పనివారందరికీ తెలుసు. మన పెట్రోలులో ఇథనాలు 2022కి నూటికి 10 పాళ్ళు, 2025కి 20 పాళ్ళు అయింది. అదీ సారాయి జాతిదే గదా! పూత పోయిన బెండు పెట్రోలు పీల్చుకొని బరువెక్కుతుంది.

మన పెద్దలు కొందరు ఆవిరి ఇంజన్ల మీద పనిచేసినవారు. బాయిలరు నీటిమట్టం చూపే గాజుగొట్టాన్ని చూడగానే వారు నమ్మేవారు కారు. కాకు తిప్పి ఒకసారి ఊది, నీరు మళ్ళీ తన మట్టానికి వచ్చిందా లేదా చూసేవారు. కారు ముల్లుకూ ఆ పద్ధతి కలదు. రిపేరు అయినాక ట్యాంకు ఖాళీ చేసి, చదును నేల మీద అయిదేసి లీటర్లు కొలిచి పోస్తూ, ప్రతిసారీ ముల్లు ఎక్కడ నిలిచిందో కాగితం మీద రాసుకొని డ్యాషుబోర్డు లోపల అంటించండి. సగం గీత దగ్గర సగం ఉండదు. ట్యాంకు ఆకారం, కాడ వంపు అందుకు కారణం.

ఇందుకు కావలసిన అయిదు లీటర్ల రేకు కొలపాత్ర సంఘం గదిలో ఉంచినాము. కావలసినవారు పుస్తకంలో సంతకం చేసి పట్టుకుపోవచ్చును.