త్రాగుడు: ఇంటివారు, తోటివారు చేయవలసినది
(ఉద్యోగుల, కుటుంబసభ్యుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



జీతభత్యముల సమస్యను ఈ రోజుకు ప్రక్కన పెట్టి, ఇంటి గడప దాటి బయటకు రాని ఒక సమస్యను మీ ముందుకు తెచ్చాము. దీనితో యూనియన్‌కు ఏమి పని అని కొందరు మిత్రులు అడిగారు. మేము చేసిన పొరపాటు వింటే సమాధానము దానంతటదే దొరుకుతుంది.

మా శాఖలో ఒక ఆర్.ఎం.ఎస్. సార్టరు ఉండేవారు. ఊరి పేరు చూచి క్షణములో ఉత్తరమును సరైన గడిలో వేయగల పనిమంతుడు. ఆయన రాత్రి డ్యూటీకి త్రాగి వస్తే మూల కూర్చుండబెట్టి, ఆయన సంచులు మేమే కట్టాము. రాని రోజులకు సెలవు చీటీ మేమే వ్రాశాము. సహకార పరపతి సంఘము అప్పునకు జామీను ఉన్నాము. భార్య వచ్చి కన్నీరు పెట్టుకుంటే "ఓర్చుకో అమ్మా, మనసు మంచిదే" అని పంపివేశాము. ఇదంతా సంఘీభావమనుకున్నాము! త్రాగుడువలన ఆయనకు ఎదురుకావలసిన కష్టములను ఆయన కంటబడకుండా మేము దాచాము. ఆ బరువంతా ఆమెమీద పడినది.

ఒక ఏడు ఆయన అయ్యప్ప మాల వేసుకొని 41 దినములు చుక్క ముట్టలేదు. మాల తీసిన వారమునకే మళ్ళీ మొదలు. "మానగలిగినవాడే, కావాలని త్రాగుతున్నాడు" అన్నాము. తరువాత ఒక వైద్యుడు మాకు విప్పి చెప్పినది వేరు. మానుట ఒకటి, మానియుండుట మరొకటి. దీక్షలో ఆయనకు నియమమున్నది, తోడున్నది, "స్వామీ" అని పిలిచే గౌరవమున్నది. మాలతోపాటు అవికూడా దిగిపోయినవి. ఏళ్ళ తరబడి మద్యమునకు అలవాటుపడిన మెదడు మాత్రము అట్లే ఉన్నది.

మూడేళ్ళ తరువాత బంధువులు విసిగి ఆయనను గదిలో పెట్టి గొళ్ళెము వేశారు. మరునాటికి చేతులు వణికినవి. రాత్రికి ఫిట్స్ వచ్చినవి. నిత్యము ఎక్కువగా త్రాగేవారు ఒక్కసారిగా మానితే మొదటి రెండు రోజులలో మూర్ఛలు, ఆపైన మతిభ్రమ కలుగవచ్చు, ప్రాణమే పోవచ్చు. కనుక మాన్పించుట వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. తెలియకుండా అన్నములో కలుపుమని ఇచ్చే మాత్రలు, పొడులు అంతకన్న ప్రమాదము. అటువంటి కొన్ని మందులు మద్యముతో కలిసినప్పుడు రక్తపోటు పడిపోయి గుండెకే ముప్పు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్య, మాదకద్రవ్యముల దుర్వినియోగముతో కూడిన మానసిక స్థితులను అస్వస్థత క్రిందనే పేర్కొన్నది. అయినను 2019లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన జాతీయ సర్వే ప్రకారము, మద్యమునకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సహాయము అందినది. మిగిలిన 37 మందికి అడ్డుపడినదానిలో మనవంటివారి మంచితనము కూడా కొంత ఉన్నది.

ఇంటివారు ఏమి చేయగలరు? త్రాగియున్నప్పుడు వాదించవద్దు. తెల్లవారిన తరువాత, నిన్న ఏమి జరిగినదో, పిల్లవాడు ఎందుకు భయపడినాడో నాలుగు మాటలలో చెప్పండి. ఒట్లు పెట్టించవద్దు, ఒట్టు తప్పిన సిగ్గుతో మరింత త్రాగుతారు. దుకాణము బాకీ మీరు తీర్చవద్దు. ఆస్పత్రికి మాత్రము వెంట వెళ్ళండి. తిరిగి ఒకసారి త్రాగితే అంతా పోయినదనుకోక, మళ్ళీ వైద్యుని వద్దకే తీసుకొని వెళ్ళండి. చేయి చేసుకుంటే ఓర్చుకొనవద్దమ్మా. ముందు మీరు, పిల్లలు ఆ ఇంటినుండి బయటపడండి. 2005 గృహహింస చట్టము మీ పక్షమున ఉన్నది. ఉచిత సలహాకు 14446 నంబరుకు ఫోను చేయవచ్చును.

రైలు నడిపే సిబ్బందికి శ్వాస పరీక్ష ఉండవలసినదే. దానిని మేము వ్యతిరేకించము. అయితే పట్టుబడకముందే తనంతట తాను చికిత్సకు వచ్చినవానికి ఛార్జిషీటు కాదు, సెలవు ఇవ్వాలని అడుగుతున్నాము.

ఆ సార్టరు రెండుసార్లు చికిత్స పొందారు. మధ్యలో ఒకసారి జారినారు. ఇప్పుడు త్రాగుటలేదు. ఆయన భార్య ఈ సభకు వచ్చియున్నారు. మాట్లాడదలచిన సోదరీమణులు సభ అనంతరము వెనుక గదికి వెళ్ళవచ్చును. అక్కడ ఎవరి పేరూ వ్రాసుకొనరు.