చెవిని కాపాడే హెడ్‌ఫోన్ ఏది?

(భివండిలో స్కాలర్‌షిప్‌ల పంపిణీ సభలో ఒక ఆడియాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)



నేను వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుని. చదువు గురించి, ఉద్యోగాల గురించి పెద్దలు చెప్పారు. నేను ఒక చిన్న వస్తువు గురించి చెబుతాను. మీలో చాలామంది ఇక్కడి నుంచి షేర్ ఆటోలో కల్యాణ్‌కో ఠాణేకో వెళ్లి, అక్కడ లోకల్ పట్టుకుని ముంబయి కాలేజీలకు వెళ్తారు. రానూపోనూ రోజుకు మూడు గంటలు అనుకుందాం. ఆ గోలలో పాఠం వినాలన్నా, పాట వినాలన్నా చెవిలో హెడ్‌ఫోన్ ఉండాల్సిందే. స్కాలర్‌షిప్ డబ్బు చేతికి రాగానే "ఏది కొనాలి సార్?" అని అడిగేవారూ ఉన్నారు. కొనండి, తప్పు లేదు. అయితే ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. బయటి గోలను ఆపి, తక్కువ శబ్దంతోనే వినగలిగేలా చేసేదే మంచి హెడ్‌ఫోన్.

దీని విలువ మన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వచ్చి భివండి, షోలాపూర్‌లలో సాంచాలు నడిపిన కుటుంబాలు మనలో ఎన్నో. సాంచాల షెడ్డులో శబ్దం 90 డెసిబెల్స్ దాటుతుంది. అందులో ఇరవై ముప్పై ఏళ్లు పనిచేసినవారు టీవీ ఎందుకు అంత గట్టిగా పెడతారో, పిలిస్తే ఎందుకు పలకరో మన ఇళ్లలో అందరికీ తెలుసు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని వెంట్రుకల వంటి కణాలు పుట్టుకతో ఒక్కో చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. గట్టి శబ్దానికి అవి చనిపోతే మళ్లీ మొలవవు. తండ్రికి పొట్టకూటి కోసం వచ్చిన చెవుడును కొడుకో కూతురో డబ్బిచ్చి కొని తెచ్చుకోకూడదు గదా!

ఇక లెక్క చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. శబ్దం ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు. 90 దగ్గర సుమారు 4 గంటలే. 100 దగ్గర 20 నిమిషాలు. మీరు రోజుకు మూడు గంటల చొప్పున ఆరు రోజులు వింటే వారానికి 18 గంటలు. అదే 90 మీద వింటే సోమవారం మూడు గంటలు, మంగళవారం పొద్దున ఒక గంట. ఆ వారానికి మీ చెవి కోటా అక్కడితో సరి!

మరి 90 మీద ఎందుకు వింటాం? బండి హోరు మీద మాట వినబడాలి కాబట్టి వాల్యూమ్ పెంచుతాం. హోరు లోపలికి రాకపోతే పెంచే అవసరమే ఉండదు.

హోరును ఆపే పద్ధతులు రెండు. మొదటిది చెవిని మూసేయడం. గట్టి ప్లాస్టిక్‌తో చెవి అంచున వేలాడే రకం ఏమీ ఆపదు. రబ్బరు టోపీతో చెవి రంధ్రంలో ఇమిడేవి, చెవి మొత్తాన్ని కప్పేవి ఆపుతాయి. కప్పేవి ముంబయి ఉక్కలో, ఆ రద్దీలో కష్టం. రెండో పద్ధతి శబ్దంతో శబ్దాన్ని కొట్టడం. చిన్న మైకు బయటి హోరును పట్టుకుంటే, లోపలి యంత్రం దానికి సరిగ్గా ఎదురు అలను పుట్టిస్తుంది. రెండూ కలిసి తగ్గిపోతాయి. ఈ ఆలోచనకు పాల్ ల్యూగ్ అనే జర్మన్ 1936లో అమెరికా పేటెంటు పొందాడు. బెంగాల్ నుంచి వెళ్లిన తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్, 1978లో విమానంలో ఇంజను హోరుకు విసిగి, దీన్ని హెడ్‌ఫోన్‌లోకి తెచ్చే పని మొదలుపెట్టాడు.

దీన్నే ఏఎన్‌సీ అంటారు. ఇది ఒకే తీరున సాగే బరువైన హోరును బాగా తగ్గిస్తుంది. చక్రాల హోరు, ఫ్యాను మోత అలాంటివే. పక్కవారి కబుర్లు, అమ్మేవాళ్ల కేకలు అంతగా తగ్గవు. వాటికి రబ్బరు టోపీయే దిక్కు. కాబట్టి ముందు చెవికి సరిపడటం, తర్వాతే ఏఎన్‌సీ. ఇంకొక జాగ్రత్త. పెట్టె మీద ఈఎన్‌సీ అని ఉంటే ఏఎన్‌సీ అనుకుని మోసపోకండి. అది ఫోన్‌లో అవతలివారికి మీ మాట స్పష్టంగా వినబడటానికి మాత్రమే. మీ చెవిలోకి వచ్చే గోలను తగ్గించదు.

కొన్నాక పెట్టెలోని చిన్న, మధ్య, పెద్ద టోపీలన్నీ పెట్టి చూడండి. రెండు చెవులకు రెండు సైజులు కావలసి రావచ్చు. చెవిని కాస్త పైకి, వెనక్కి లాగి అమర్చండి. తక్కువ వాల్యూమ్‌లోనే డోలు, తబలా మోత నిండుగా వినబడితే సరిగ్గా కూర్చున్నట్టు. పలచగా ఉంటే సందు ఉన్నట్టు. డబ్బు తక్కువైతే టోపీ సరిగ్గా పట్టే వైరు ఇయర్‌ఫోన్ చాలు. చార్జింగు అక్కరలేదు, పట్టాల మీద పడిపోదు. మీ ఫోనుకు దాని సాకెట్ ఉందో లేదో ముందు చూసుకోండి. వాల్యూమ్ మొత్తంలో 60 శాతం దాటకుండా ఫోనులోనే హద్దు పెట్టుకోండి. ఒకరివి మరొకరు వాడకండి. చెవి కారుతున్నప్పుడు అసలు పెట్టకండి. చెవిలో గుయ్యిమనే మోత ఆగకుండా ఉంటే డాక్టరుకు చూపించండి.

బాగా మూసే హెడ్‌ఫోన్ ప్రమాదం కూడా తేగలదు. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ దగ్గర కాపలా లేని గేటు వద్ద స్కూలు వ్యానును రైలు ఢీకొని 13 మంది పిల్లలు చనిపోయారు. డ్రైవరు చెవిలో ఇయర్‌ఫోన్లు ఉన్నాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. బండిలో కూర్చున్నాకే పెట్టుకోండి. దిగకముందే తీసేయండి. ప్లాట్‌ఫారం మీద, రోడ్డు దాటేటప్పుడు రెండు చెవులూ తెరిచి ఉండాలి. పట్టాలు దాటడం ఎలాగూ వద్దు, వంతెన ఎక్కండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలను కోప్పడటం కంటే పక్కన కూర్చుని చూడండి. వాళ్ల చెవిలోని పాట మీకు వినబడుతుంటే, తగ్గించమని నెమ్మదిగా చెప్పండి.

చివరగా విద్యార్థులకు. హెడ్‌ఫోన్ కొనడానికి దుకాణానికి వెళ్లినప్పుడు, మందుల షాపులో నురుగుతో చేసిన చెవి బిరడాలు కూడా రెండు జతలు అడగండి. వాటికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఇంట్లో ఎవరైనా ఇంకా సాంచాల పనికి వెళ్తుంటే వాళ్లకివ్వండి. బిరడాను వేళ్లతో సన్నగా నులిమి, చెవిలో పెట్టి, ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టుకోవాలి. "దారం తెగితే వినబడదు బిడ్డా" అంటారు. బిరడా శబ్దాన్ని తగ్గిస్తుందే గాని మొత్తంగా ఆపదని చెప్పండి. వారం రోజులు అలవాటు చేసుకుంటే సాంచా తేడా తెలుస్తుంది. మిమ్మల్ని చదివించిన ఆ చెవుల్లో మిగిలిన వినికిడిని కాపాడటం కూడా మీ చదువుకు ఫలమే.