ఎలక్ట్రానిక్ సంగీతము: డీజే కొరకా, శ్రోత కొరకా?



తెలుగు ఊళ్లలో నేడు డీజే అను మాట వినబడగానే పెద్దలు చెవులు మూసికొందురు; పిల్లలు కాళ్లు కదపుదురు. పెండ్లి ఊరేగింపులలోను, వినాయక నిమజ్జనములలోను వాహనముపై పేర్చిన స్పీకరు పెట్టెలకే ఆ పేరు స్థిరపడినది. నిజమునకు డీజే యనగా పెట్టె కాదు, మనిషి. డిస్క్ జాకీ అను రెండు మాటల తొలి అక్షరములు కలిసి ఆ పేరైనవి. రికార్డయిన సంగీతమును ఎంచి, ఒకదానికొకటి తెగకుండ అతికి, నృత్యము చేయు జనమునకు వినిపించువాడు డీజే. శబ్దము ఎంత యుండవలెనను ప్రశ్న వేరు. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు లౌడ్‌స్పీకర్ల వాడుకను సాధారణముగా నిషేధించు కేంద్ర ప్రభుత్వ నియమములు 2000 సంవత్సరములోనే వచ్చినవి. ఇచట విచారింపవలసినది అది కాదు. యంత్రములతో సంగీతమును కూర్చువాడు ఎవరిని మనసులో నిలుపుకొని కూర్చవలెను? రికార్డును అతుకు డీజేనా, ఇంట కూర్చుండి వినువానినా?

ఇది కుర్రకారు తగవుగా తోచవచ్చును. కాని కళ ఎవరి కొరకను పాత ప్రశ్నయే కొత్త యుడుపులు వేసికొని వచ్చినది.

ఎలక్ట్రానిక్ సంగీతము పుట్టినది నాట్యశాలలో కాదు, రేడియో కేంద్రములలో. 1948 అక్టోబరు 5న పియెర్ షెఫెర్ అను ఫ్రెంచి రేడియో ఇంజనీరు రైలుబండ్ల చప్పుళ్లు మొదలైన ధ్వనులను కత్తిరించి, త్రిప్పి, పేర్చి చేసిన రచనలు పారిస్ రేడియోలో ప్రసారమైనవి. అటుపై జర్మనీలో కొలోన్ రేడియో స్టూడియోలో విద్యుత్పరికరములు పుట్టించు స్వరములతోనే రచనలు సాగినవి. 1956లో స్టాక్‌హౌజెన్ ఒక బాలుని కంఠమును ఆ స్వరములతో మేళవించి వినిపించెను. వాటికి ఎవడును నృత్యము చేయలేదు. వాటిని ఒకదానికొకటి అతుకు డీజేయును లేడు. ఉన్నది శ్రోత ఒక్కడే.

భారతదేశమును ఈ ప్రయోగమునకు దూరముగా లేదు. 1969లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజరును నెలకొల్పెను. గీతా సారాభాయి మొదలైనవారు దానిపై పని చేసిరి. 1969 నుండి 1972 వరకు అచట తయారైన టేపులు చాలకాలము భద్రపరచిన చోటనే యుండి, 2023లో సంపుటిగా వెలువడినవి. శ్రోతను నమ్మి చేసిన సంగీతము శ్రోతను చేరుటకు అర్ధశతాబ్దము పట్టినది. ఇది శ్రోతపక్షమువారు మరువరాని సంగతి. వినువాడొకడు ఎక్కడనో ఉండునన్న నమ్మకము మాత్రమే చాలదు. అతని వద్దకు తీసికొనిపోవు చేయి కావలెను.

ఆ చేయి డీజే రూపమున వచ్చినది. 1970ల నడుమ న్యూయార్కు నాట్యశాలలలో ఒక ఇబ్బంది యుండెను. పాట మూడు నిమిషములకే ముగియును. జనము ఊపు అందుకొనునంతలో ఆగవలసివచ్చును. టామ్ మౌల్టన్ అనునతడు పాటలను పొడిగించి నృత్యమునకు అనువుగా కూర్చుట మొదలిడెను. చిన్న డిస్కుకు బదులు 12 అంగుళముల డిస్కుపై ఒకే పాటను కోయించినపుడు గాడులకు చోటు పెరిగి, ధ్వని బిగ్గరగాను, మంద్రము నిండుగాను వచ్చునని తెలిసినది. 1976లో డబుల్ ఎక్స్‌పోజర్ బృందము పాడిన టెన్ పర్సెంట్ అను పాటను వాల్టర్ గిబ్బన్స్ అను డీజే తిరుగ కూర్చగా, అది 9 నిమిషములకు మించి సాగినది. అంగడిలో అమ్మకమునకు వచ్చిన తొలి 12 అంగుళముల సింగిల్‌గా దానిని పేర్కొందురు. డిస్కు కొలతయే డీజే కొరకు మారినదన్నమాట.

తరువాతి కథ షికాగోది, డెట్రాయిట్‌ది. 1977లో షికాగోలో తెరచిన వేర్‌హౌస్ అను నాట్యశాలలో ఫ్రాంకీ నకల్స్ డీజేగా నుండెను. అచటికి వచ్చినవారిలో పలువురు నల్లజాతి యువకులు, లాటినో యువకులు. వారిలోను అనేకులు స్వలింగ ప్రేమికులు. తక్కిన చోట్ల తలుపు తెరువనివారికి అచట తలుపు తెరచియుండెను. హౌస్ అను సంగీతరీతికి ఆ శాల పేరే మూలమందురు. డెట్రాయిట్‌లో హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అను ముగ్గురు స్నేహితులు టెక్నోకు బాటవేసిరి. బాస్ గిటారు వాదకుని లోటు తీర్చుటకని జపానులో చేసిన టీబీ-303 అను చిన్న యంత్రము ఆ పనికి నప్పలేదు. 1984లో దాని తయారీ నిలిచినది. చవుకగా దొరకిన ఆ యంత్రపు మీటలను త్రిప్పుచు షికాగోకు చెందిన ఫ్యూచర్ బృందము ఆసిడ్ ట్రాక్స్ అను రచనను పుట్టించెను. అది 1987లో డిస్కుగా వచ్చినది. అంతకుముందే డీజే రాన్ హార్డీ దానిని ఒకే రాత్రి పలుమార్లు వేసెననియు, మొదట ముఖము చిట్లించిన జనమే చివరకు వెర్రెత్తి నర్తించిరనియు చెప్పుదురు. డీజే పక్షమున ఇంతకంటె గట్టి సాక్ష్యము లేదు. శ్రోతకు తెలియని రుచిని నేర్పినవాడు అతడే.

డీజే పని యెట్టిదో తెలిసిననే ఈ వాదములోని చిక్కు అర్థమగును. అతని ముందు రెండు టర్న్‌టేబుళ్లు, నడుమ ఒక మిక్సరు. ఒకటి నిమిషమునకు 124 దెబ్బల నడకతో మ్రోగుచుండగా, రెండవది 126 నడకతో నున్నదనుకొనుడు. మీటను జరిపి, రెండవదాని వేగమును నూటికి 1.6 వంతు తగ్గించి, దెబ్బ మీద దెబ్బ పడునట్లు రెండింటిని సరిచేయవలెను. అది హెడ్‌ఫోనులో సరిచూచుకొనిన పిదప రెండవది సభకు మెల్లగా వినబడవలెను. ఈ అతుకునకు రెండు రికార్డులలోను చోటు కావలెను. కనుక డీజే కొరకు చేసిన రచనలో మొదట 32 ఆవృత్తములు వట్టి మృదంగపు దెబ్బలే యుండుట కలదు; చివరను అట్లే. ఆవృత్తమునకు నాలుగు దెబ్బలు, నిమిషమునకు 120 దెబ్బల చొప్పున లెక్కించిన నది 64 సెకనులు.

గోడ కట్టు మేస్త్రీ, రేపు ప్రక్కన మరియొక గది వచ్చునని, అంచున ఇటుకలను ఒకటి విడిచి ఒకటి ముందునకు నిలిపి వదలును. తరువాతి మేస్త్రీకి అది ఉపకారము. ఆ గది ఎన్నటికిని రాకున్నచో చూచువానికి అది మొండిగోడ. డీజే కొరకు చేసిన రికార్డు ఇంట విన్నపుడు తోచు వెలితి ఇట్టిదే. అది చేతకానితనము కాదు. మరియొకని చేతికి విడిచిన చోటు.

ఈ వెలితి నుండియే ఎదురుగాలి పుట్టినది. నృత్యపు వేడి నుండి సేదతీరుటకు లండను నాట్యశాలలలో వేరు గదులు వెలసినవి. 1989 ప్రాంతమున అలెక్స్ ప్యాటర్సన్ అట్టి గదిలో దెబ్బ లేని సంగీతమును వినిపించెను. అంతకు పదేండ్ల ముందే, 1978లో, బ్రయన్ ఈనో విమానాశ్రయముల పేర ఒక ప్రశాంత సంగీతపు డిస్కు వెలువరించియుండెను. షెఫీల్డులో 1989లో మొదలైన వార్ప్ సంస్థ 1992లో ఆర్టిఫీషియల్ ఇంటెలిజెన్స్ అను సంపుటిని తెచ్చినది. దాని అట్టపై ఒక యంత్రమానవుడు వాలుకుర్చీలో జారగిలబడి సంగీతము వినుచుండును. ఈ సంగీతము కాళ్లకు కాదు, కూర్చుండినవానికని ఆ బొమ్మయే చాటినది. డీజే కొరకా, శ్రోత కొరకా అను తగవు అప్పటినుండి బాహాటమైనది.

ఆ తగవులోనికి ఒకమారు పార్లమెంటును దిగినది. 1994లో బ్రిటిషు ప్రభుత్వము ఆరుబయట రాత్రివేళ సాగు నృత్యసమావేశములను అణచుటకు చట్టము చేసి, పునరావృత్తమగు దెబ్బలు ప్రధానముగా గల ధ్వనులను అందులో పేర్కొన్నది. ఆటెకర్ అను జంట ఆ యేటనే ఒక డిస్కు వెలువరించినది. అందులో ఒక రచనలో ఏ రెండు ఆవృత్తముల దెబ్బలును ఒకటిగా నుండవు. దానిని వేయదలచిన డీజేలు ప్రక్కన ఒక న్యాయవాదిని, ఒక సంగీతశాస్త్రజ్ఞుని ఉంచుకొనుట మేలని అట్టపై వారు హెచ్చరించిరి. వినువారి సంగీతమునకు పేరొందిన జంట, నర్తించువారి హక్కు కొరకు నిలిచినది. రెండు పక్షములకు కీడు వచ్చినపుడు అవి రెండును ఒక్కటేయని ఆ డిస్కు నిరూపించినది.

తెలుగువారి సంగీతములో ఈ ప్రశ్నకు సమాధానము ఏనాడో దొరకినది. వర్ణములలో తానవర్ణము కచేరీకి, పదవర్ణము నాట్యమునకు. పదవర్ణము నిదానముగా నడచును. నర్తకి అభినయమునకును, జతులకును అందులో చోటుండును. పాడువాడు ఆ చోటును లోపమనడు. క్షేత్రయ్య పదములు అభినయమునకు ప్రాణము వంటివి. అయినను ఆట లేకుండ కచేరీలోను అవి విననగును. నర్తకి లేచిపోయినను పదములో రాగము మిగులును, భావము మిగులును. నాట్యమునకు చోటు విడుచుట ఒకటి, నాట్యము లేనిచో ఏమియు మిగలకుండుట వేరొకటి.

ఈ కొలతబద్దను చేతబట్టి బొంబాయి వైపు చూడవలెను. హిందీ చలనచిత్ర వాద్యబృందములలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్, డిస్కో దెబ్బపై పది రాగములను వాయించి 1982లో ఒక రికార్డు తెచ్చెను. భూపాలీ, మాల్‌కౌంస్, అనగా దక్షిణాదివారి మోహన, హిందోళములు, అందులో ఉన్నవి. ఆసిడ్ ట్రాక్స్‌కు జన్మమిచ్చిన ఆ చిన్న జపాను యంత్రమే, షికాగో డిస్కు వెలువడుటకు ఐదేండ్ల ముందు, ఆయన బల్లపై నుండెను. ఆనాడు ఆ రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు. 2010లో అది మరల ముద్రితమైనపుడు లోకమంతట డీజేలును, శ్రోతలును ఆశ్చర్యముతో ఆదరించిరి; వార్ధక్యమున చరణ్‌జిత్ సింగ్ విదేశీ వేదికలపై దానిని వాయించెను. 2015లో ఆయన కన్నుమూసెను. డీజే సౌకర్యమును లెక్కించి ఆ రికార్డు చేయలేదు. దెబ్బ నిలుకడగా నున్నది, రాగము నిజముగా నున్నది. కనుకనే ముప్పది యేండ్లకు సమీపించినను అది చెడలేదు.

నేటి ఒత్తిడి రెండు వైపుల నుండియు వచ్చుచున్నది. 2004లో మొదలైన బీట్‌పోర్ట్ వంటి అంగళ్లు డీజేలకు కావలసిన సరకు అమ్మును. అచట పొడుగు కూర్పునకు విలువ. స్పాటిఫైలో 30 సెకనులు విన్నగాని వినికిడిగా లెక్కింపదు. 64 సెకనుల వట్టి దెబ్బలు విని ఓపిక పట్టు శ్రోత అచట అరుదు. కనుక ఒకే రచనకు పొడుగు కూర్పొకటి, పొట్టి కూర్పొకటి చేయుట వాడుకయైనది. ఇందులో తప్పు లేదు. అపాయము వేరొక చోట నున్నది. డీజేనే నమ్మి చేసినది యంత్రపు విడిభాగమగును: ఒకటి అరిగిన మరియొకటి. లెక్కలోని శ్రోతనే నమ్మి చేసినది గోడకాగితమగును: ఉన్నదని ఎవడును గమనింపడు. రెండింటను పోగొట్టుకొనువాడు మనిషియే. తన దినమంతయు గంటలకు, కోటాలకు అమ్ముకొనినవానికి రాత్రి పూట దొరకు ఒక్క స్వేచ్ఛ సంగీతము. షికాగోలో ఆ తలుపు తెరచినది అందుకే.

కాబట్టి తీర్పు చెప్పవలసినచో శ్రోత పక్షముననే చెప్పవలెను. అయితే ఆ శ్రోతకు కాళ్లు కూడ నున్నవని మరువరాదు. డీజే యవసరము ఛందస్సు వంటిది. గణములు తప్పిన పద్యము నిలువదు. గణములు కుదిరినంతనే పద్యము కాదు. 32 ఆవృత్తముల చోటు విడువవచ్చును, దెబ్బ నిలుకడగా నుంచవచ్చును. కాని నడుమ చెప్పదగినదొకటి యుండవలెను. దానిని ఎన్నువాడు డీజే. ఎన్నుటకు ముందు అతడును ఒంటరి గదిలో విన్న శ్రోతయే. మొదట ఆ ఒంటరి గదిలో నిలువని రచన వేయిమంది నడుమ ఒక్క రాత్రి నిలిచినను, మరునాటికి మిగలదు.

నేడు ఉద్యోగుల ఇండ్లలోను పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుండి దెబ్బలు, స్వరములు పేర్చుచున్నారు. అది కాలక్షేపమని త్రోసివేయక పెద్దలు ఒకమారు ప్రక్కన కూర్చుండి తుదివరకు వినవలెను. బాగున్నదని ముఖస్తుతి చేయనక్కరలేదు. ఎక్కడ మనసు నిలిచినదో, ఎక్కడ జారినదో చెప్పిన చాలును. అట్టి శ్రోత ఇంటనే దొరకిన బిడ్డ, సంగీతమును ఎవరి కొరకు చేయవలెనని మరియొకరిని అడుగనక్కరలేదు.