పోరుబందరు సేట్ల ప్రోనోటు దావా
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్యాహ్నం మన సంఘం తరఫున ఒక పంచాయితీ కమిటీ వేయాలని తీర్మానం రాబోతున్నది. బావ బావమరుదులు కలిసి వ్యాపారం పెట్టటం మనలో కొత్త కాదు, చెడి కోర్టుకెక్కటమూ కొత్త కాదు. ఈ సభలోనే ఒకరిద్దరికి దావాలు నడుస్తున్నవి. పేర్లు చెప్పను, భయపడకండి. తీర్మానం మీద చేయెత్తే ముందు వంద ఏళ్ళ పైచిలుకు నాటి ఒక వర్తకుల తగాదా మీకు మనవి చేస్తాను.

గుజరాతులో పోరుబందరు మేమన్ వర్తకులకు సముద్రం వీధి గుమ్మం వంటిది. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ మొదటి కూలీలను దింపింది. చెరకు తోటలకు ఆ తరువాత వెళ్ళినవారిలో మన తెలుగువారూ వేలమంది. వీరికి బియ్యం, పప్పు, గుడ్డలు ఎవరు అమ్మాలి? అబూబకర్ ఆమద్ అనే మేమన్ సేటు ముందుగా వెళ్ళి కొట్టు తెరిచాడు. చుట్టాలు ఒకరి వెనుక ఒకరు వెళ్ళారు. వారిలో దర్బానులోని దాదా అబ్దుల్లా పెద్ద కోటీశ్వరుడయ్యాడు. చదువు అంతంత మాత్రమే గాని లెక్కలో, లోకజ్ఞానంలో ఘనుడు. సొంత ఓడ కూడా వుండేది.

1886లో ట్రాన్సువాలులో బంగారం పడింది. జొహానెస్‌బర్గు అనే ఊరే దానివల్ల లేచింది. గనుల షేర్ల కాగితాలు బజారులో ఉల్లిపాయల్లా అమ్ముడయ్యాయి. పైపొరల రాయి నుంచి పాదరసంతో బంగారం తేలికగానే వచ్చేది. లోతుకు పోయేసరికి గంధకం కలిసిన రాయి తగిలి పాదరసం పనిచేయలేదు. 1889లో షేర్లు కుప్పకూలాయి. 1890 నుంచి సయనైడు పద్ధతి వచ్చాక గాని గనులు మళ్ళీ తేరుకోలేదు. మనవాళ్ళను గనుల్లోకి రానిచ్చే దేశం కాదది. 1885 చట్టం ప్రకారం వారికి కేటాయించిన పేటల్లో తప్ప ఆస్తి కొనటానికే వీలు లేదు. అయినా గనుల ఊళ్ళకు సరుకు అమ్మాలిగదా! సరుకంతా అరువు మీదనే నడుస్తుంది. గనులు మందగిస్తే కొట్టులో బాకీ నిలిచిపోతుంది.

ఆ ట్రాన్సువాలులోనే, ప్రిటోరియాలో, తయ్యబ్ హాజీ ఖాన్ ముహమ్మద్ సేటు వుండేవాడు. దాదా అబ్దుల్లాకు దగ్గర చుట్టం, ఒకే ఊరివాడు. ఇద్దరి మధ్య వ్యాపారపు లెక్క తేలక నలభై వేల పౌండ్లకు దావా పడింది. ఆ పని మీదనే 1893లో గాంధీగారు ఏడాది ఒప్పందంతో, నూట అయిదు పౌండ్ల జీతానికి వెళ్ళారు. వెళ్ళేనాటికి ఆయనకు ప్రోనోటు అంటే ఏమిటో తెలియదు. గుమాస్తాను అడిగి తెలుసుకుని, జమాఖర్చుల పుస్తకం ఒకటి కొనుక్కుని చదివారు.

అప్పు వ్రాసుకోమని ఖుర్ఆన్‌లో బఖరా సూరాలో వున్నదని మనందరికీ తెలుసు. సేట్లు వ్రాసుకున్నారు, కాని సగమే. దావాలో సగం వున్న ప్రోనోట్ల మీద, మిగతా సగం "ప్రోనోట్లు వ్రాసిస్తాను" అన్న మాట మీద. ఆ వ్రాసిన నోట్లు కూడా మోసంతో పుచ్చుకున్నవని తయ్యబ్ సేటు వాదించాడు. కొంపలు మునిగేది ఇక్కడే చూడండి. రెండు పక్కలా పెద్ద పెద్ద వకీళ్ళు, రోజురోజుకూ ఖర్చు. గెలిచినవాడికి కూడా కోర్టు ఖర్చులు పూర్తిగా తిరిగి రావు. (సభలోని వకీలు సాహెబులు మన్నించాలి.) చుట్టాలిద్దరూ వేరే పని చేసుకోలేని స్థితికి వచ్చారు. గాంధీగారు తయ్యబ్ సేటును కలుసుకుని మధ్యవర్తికి ఒప్పించారు.

మధ్యవర్తి ముందు దాదా అబ్దుల్లా గెలిచాడు. ముప్పయి ఏడు వేల పౌండ్లు, పైన ఖర్చులు. వెంటనే అమలు జరిపితే తయ్యబ్ సేటు ఐ.పి. పెట్టవలసిందే. పోరుబందరు మేమన్లలో ఐ.పి. కంటే చావు మేలని ఒక వ్రాయని కట్టుబాటు. ఆయన ఒక్క పైసా తగ్గించమని అడగలేదు, గడువు ఇమ్మన్నాడు. ఇబ్బందిలో వున్న బాకీదారుకు వ్యవధి ఇమ్మని అదే సూరాలో, అప్పు వ్రాసుకోమన్న చోటికి కాస్త ముందే వున్నది. వినటం తేలిక, గెలిచి, తీర్పు చేతిలో పెట్టుకున్నవాడు ఒప్పుకోవటం వేరు. ఇద్దరినీ మధ్యవర్తి దగ్గరకు తేవటం కంటే ఈ గడువు ఇప్పించటమే తనకు ఎక్కువ కష్టమైందని గాంధీగారే వ్రాసుకున్నారు. చివరకు దాదా అబ్దుల్లా చాలా ఏళ్ళ మీద చిన్న చిన్న వాయిదాల్లో చెల్లించేటట్లు ఒప్పుకున్నాడు. ఇద్దరూ సంతోషించారు, ఊళ్ళో ఇద్దరి పరువూ పెరిగింది.